థాంక్స్‌గివింగ్ సెలవులకు సిద్ధం కావడం ఎలా: ముందు దానం, ఆ తర్వాత గుమ్మడికాయ, ప్రయాణం

అమెరికా వచ్చిన కొత్తలో, థాంక్స్‌గివింగ్ వారం సోమవారం నాడు, లేనివాళ్ళకి ఉచితంగా సరుకులు పంచే ఒక ఫుడ్ బ్యాంకుకి ఫోన్ చేశాను. "గురువారం మాకు సెలవు. ఇంట్లో నలుగురం వచ్చి ఏ పని చెప్పినా చేస్తాం" అన్నాను. అవతల ఉన్నావిడ చాలా మర్యాదగా, "ఈ వారానికి మనుషులు నిండిపోయారండీ. జనవరిలో రాగలరా?" అంది. నాకు మనసు చివుక్కుమంది. వద్దనడానికి అలా చెప్పిందనుకున్నాను. జనవరి రెండో శనివారం వెళ్ళి చూస్తే తెలిసింది, ఆవిడ నిజంగానే రమ్మంది. నవంబరులో క్యూ కట్టిన జనం జనవరిలో లేరు. బియ్యం బస్తాలు విప్పి చిన్న సంచుల్లో నింపడానికి ఆ పెద్ద గోడౌన్లో మాతో కలిపి తొమ్మిది మందే ఉన్నాం.

ఆ ఏడాది నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చేశాం. సెప్టెంబరు ఆఖరి ఆదివారం కాఫీలు అయ్యాక క్యాలెండరు ముందేసుకుని కూర్చుంటాం. మొదట ఎవరికి ఏం ఇవ్వాలో రాస్తాం, ఆ తర్వాతే గుమ్మడికాయలు, ప్రయాణాలు, విందులు. ఇవ్వడం ఆఖర్న పెట్టుకుంటే డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. మేం ఉండేది ఒహాయోలో, క్లీవ్‌లాండ్ పక్కన. మీరు టెక్సాస్‌లో ఉంటే మంచు సంగతులు వదిలేసి చదవండి, మిగతావన్నీ మీకూ పనికొస్తాయి.

క్యాలెండరు ముందేసుకోండి

రాసుకోవాల్సిన తేదీలు ఎక్కువేమీ లేవు. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిలకి వచ్చే హాలోవీన్ ఎప్పుడూ అక్టోబరు 31. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి, అంటే ఆ రోజు నుంచి మా వైపు అయిదున్నరకే చీకటి. థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం, 2026లో అది 26వ తేదీ. దాని తర్వాత వచ్చే మంగళవారం గివింగ్ ట్యూస్‌డే, 2012లో న్యూయార్క్‌లో మొదలైంది. అన్నదానానికి, విరాళాలకి ఇక్కడివాళ్ళు ఒక రోజు పెట్టుకోవడం నాకు చాలా నచ్చింది. వీటి మధ్యలోనే మన దసరా, బతుకమ్మ, దీపావళి వస్తాయి. వాటినీ అదే కాగితం మీద రాయండి. గుడిలో దీపావళి వంటకి ఒప్పుకున్న శనివారమే పిల్లల్ని గుమ్మడి తోటకి తీసుకెళ్తానని మాట ఇచ్చి, ఇద్దరి దగ్గరా మాట తప్పిన అనుభవం నాకుంది.

అక్టోబరులోనే ఇవ్వండి

మొదటి పని ఫోను. మీ జిల్లాలో సాయం ఎక్కడ కావాలో తెలియకపోతే 211కి ఫోన్ చెయ్యండి. సాయం కావాల్సినవాళ్ళ కోసం పెట్టిన నంబరే అయినా, ఇవ్వాలనుకునేవాళ్ళకీ దారి చూపిస్తారు. ఫుడ్ బ్యాంకుకి శ్రమదానం చెయ్యాలంటే అక్టోబరులో ఒక శనివారం, జనవరిలో ఒక శనివారం ఇప్పుడే పేరు రాయించుకోండి. పిల్లల్ని తీసుకెళ్ళేటట్టయితే ఎన్నేళ్ళ వాళ్ళని రానిస్తారో ముందే అడగండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కాలి వేళ్ళు కనిపించే చెప్పులు వేసుకుని వెళ్తే చాలా చోట్ల లోపలికి రానివ్వరు. బూట్లు వేసుకోండి.

సరుకులు ఇవ్వాలా, డబ్బు ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. డబ్బు ఇస్తే ఎక్కువమందికి అన్నం అందుతుంది. ఫుడ్ బ్యాంకులు టోకున కొంటాయి, కొన్ని సరుకులు వాళ్ళకి దాదాపు ఉచితంగా వస్తాయి, రవాణాకి మాత్రం డబ్బు కావాలి. మనం దుకాణంలో ఒక డబ్బా కొనే ధరకి వాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ తెచ్చుకోగలరు. అయినా స్కూల్లో డబ్బాలు పోగుచేస్తున్నప్పుడు పిల్లల చేత ఇప్పించడం మానొద్దు. వాళ్ళకి డెబిట్ కార్డు కంటే చేతిలో బరువే బాగా అర్థమవుతుంది.

సరుకులు ఇచ్చేటప్పుడు కొన్ని పట్టింపులు పెట్టుకోండి. గడువు తేదీ దాటినవి వద్దు. అలమారలో మూలన రెండేళ్ళుగా పడి ఉన్న డబ్బా మనం తినం, ఇంకొకళ్ళకీ పెట్టకూడదు. గాజు సీసాలు వద్దు, పగులుతాయి. ఇంట్లో వండినవి తీసుకోరు. వేరుశనగ వెన్న, ఓట్స్, ఉప్పు తక్కువున్న బీన్స్ డబ్బాలు, పాస్తా ఎప్పుడూ కావాలి. పైన లాగితే తెరుచుకునే మూత ఉన్న డబ్బాలు కొనండి, ఇల్లు లేనివాళ్ళ దగ్గర డబ్బా కోసే కటర్ ఉండదు.

బియ్యం, పప్పు కూడా ఇవ్వండి. మాకు దక్షిణంగా ఏక్రన్‌లో నార్త్ హిల్ అనే పేట ఉంది. భూటాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన నేపాలీ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వాళ్ళ కంచంలోదీ మన కంచంలోదీ ఒకటే, అన్నం, పప్పు, కూర. అలాంటి వాళ్ళకి మకరోనీ డబ్బా ఇస్తే తీసుకుంటారు గానీ, కందిపప్పో ఎర్ర మసూర్ పప్పో ఇస్తే ఆ రాత్రే వండుకుంటారు. మీ ఊళ్ళో ఎవరున్నారో కనుక్కుని, వాళ్ళు తినేదే కొనండి.

అక్టోబరులోనే చలి కోట్లు సేకరించేవాళ్ళు ఉంటారు. పిల్లలకి పొట్టయిపోయిన కోట్లు ఉతికి, జిప్ పని చేస్తోందో లేదో లాగి చూసి, జేబులు వెతికి ఇవ్వండి. డిసెంబరు దాకా దాచిపెడితే ఈ చలికాలం ఎవరికీ పనికిరాదు.

ఇక పెద్ద మొత్తాల సంగతి. పండగ సీజన్లో విరాళాల పేరుతో మోసపు ఫోన్లు విపరీతంగా వస్తాయి. ఫోన్లో తొందరపెట్టేవాళ్ళకీ, గిఫ్ట్ కార్డు కొని నంబరు చెప్పమనేవాళ్ళకీ ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. సంస్థ పేరు ఐఆర్‌ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) వెబ్‌సైటులో పన్ను మినహాయింపు ఉన్న సంస్థల జాబితాలో వెతకండి, రెండు నిమిషాల పని. 250 డాలర్లు, అంతకు మించి ఇచ్చినప్పుడు సంస్థ నుంచి రాతపూర్వకంగా రసీదు తీసుకోండి, పన్నుల వేళ బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటే చాలదు. 2026 నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు విడివిడిగా చూపించకుండా అందరికీ ఇచ్చే మినహాయింపు) తీసుకునేవాళ్ళు కూడా నగదు విరాళాల్లో ఒంటరిగా ఫైల్ చేస్తే 1,000 డాలర్లు, దంపతులు కలిసి చేస్తే 2,000 డాలర్ల వరకు చూపించుకోవచ్చు. మనలో చాలామందికి ఇన్నేళ్ళూ రసీదులు దాచినా లాభం ఉండేది కాదు, ఇప్పుడు దాచండి.

మీ విరాళానికి మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తుందేమో హెచ్ఆర్ పేజీలో చూడండి. మీరు 200 ఇస్తే వాళ్ళూ 200 వేస్తారు. చాలా కంపెనీల్లో ఈ డబ్బు అడిగేవాళ్ళు లేక మిగిలిపోతుంది.

సొంత ఊరి బడికో, అనాథాశ్రమానికో పంపాలనుకునేవాళ్ళు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. మీ దగ్గర ఇండియా పాస్‌పోర్టు ఉంటే, మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపేది మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో దానికోసం తెరిచిన ఖాతా ఉండాలి. అది లేకుండా మామూలు ఖాతాలో వేస్తే చిక్కుల్లో పడేది మీరు కాదు, అక్కడ పిల్లల్ని సాకుతున్న ఆ సంస్థ. కాబట్టి పంపే ముందు వాళ్ళనే అడగండి. అలాగే నేరుగా ఇండియా సంస్థకి ఇచ్చినదానికి ఇక్కడ పన్ను మినహాయింపు రాదు, ఆ లెక్క కావాలంటే ఇక్కడ రిజిస్టరయిన సంస్థ ద్వారా పంపాలి.

గుమ్మడికాయ కొనడం, కొయ్యడం, తినడం

ఇక్కడివాళ్ళు గుమ్మడికాయని చూసే తీరు నాకు మొదట్లో బాధ కలిగించేది. మా అమ్మ సంక్రాంతికి గుమ్మడికాయ దానం ఇచ్చేది. కాయకి పసుపు రాసి, బొట్టు పెట్టి, రెండు చేతులా పట్టుకుని ఇచ్చేది. అలాంటి కాయ మీద కళ్ళూ పళ్ళూ కోసి, వారం తర్వాత చెత్తబుట్టలో పడెయ్యడం చూడలేకపోయాను. ఇప్పుడు మా ఇంట్లో కొనే ప్రతి కాయలో ఏదో ఒక భాగం తింటాం, మిగిలింది మట్టికి చేరుస్తాం. మీరూ అలా చెయ్యొచ్చు, కష్టమేం కాదు.

ముందు ఒక సంగతి. తోటల్లో, దుకాణాల ముందు గుట్టలుగా పోసే పెద్ద నారింజరంగు కాయలు చెక్కడానికి పెంచినవి. తినొచ్చు గానీ నీరు, పీచు ఎక్కువ, రుచి తక్కువ. వండుకోవడానికి పక్కనే చిన్నగా, గుండ్రంగా, షుగర్ పంప్‌కిన్ అనో పై పంప్‌కిన్ అనో రాసి ఉన్నవి కొనండి. నాలుగు నుంచి ఎనిమిది పౌన్లుంటాయి. మన తీపి గుమ్మడికి రుచిలో దగ్గరగా ఉండేది కావాలంటే బటర్‌నట్ స్క్వాష్ తీసుకోండి. కబోచా ఇంకా చిక్కగా, చిలగడదుంపలా ఉంటుంది. బూడిద గుమ్మడికాయ ఇండియన్, చైనీస్ షాపుల్లో తప్ప పెద్దగా దొరకదు, వడియాలు పెట్టేవాళ్ళు, గుమ్మానికి దిష్టికి కట్టేవాళ్ళు విడిగా చూసుకోవాలి.

ఒక్కరోజు వీలుచేసుకోగలిగితే ఒహాయోవాళ్ళు సర్కిల్‌విల్‌కి వెళ్ళి రండి. కొలంబస్‌కి దక్షిణంగా ఉన్న చిన్న ఊరు. 1903లో మొదలైన గుమ్మడికాయల జాతర అక్టోబరు మూడో బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు ఊరి నడివీధుల్లో జరుగుతుంది. క్రేన్‌తో ఎత్తాల్సినంత కాయలు తెచ్చి తూకం వేస్తారు. తిరునాళ్ళకి వెళ్ళినట్టే ఉంటుంది, శనివారం మాత్రం కాలు పెట్టే చోటుండదు, బుధవారమో గురువారమో మేలు.

కాయ ఎంచుకునేటప్పుడు అడుగు చదునుగా ఉందా, తొడిమ ఆకుపచ్చగా గట్టిగా ఉందా చూడండి. బొటనవేలితో చుట్టూ నొక్కండి, ఎక్కడ మెత్తగా తగిలినా వదిలెయ్యండి. తొడిమ పట్టుకుని ఎత్తకండి, పిల్లలు తప్పకుండా అలాగే ఎత్తుతారు, అది ఊడితే అక్కడినుంచే కుళ్ళు మొదలవుతుంది. బతుకమ్మ పేర్చేవాళ్ళు తోటవాళ్ళని గుమ్మడిపూలు అడిగి చూడండి. ఇంకా మంచు పడకపోతే తీగలకి అక్కడక్కడా పూలుంటాయి, అప్పటికి అవి కాయలయ్యే కాలం దాటిపోతుంది కాబట్టి తెంపుకోమంటారు. తంగేడు ఎలాగూ దొరకదు, గుమ్మడిపువ్వు ఒక్కటి దొరికినా బతుకమ్మకి కళ వస్తుంది.

చెక్కడం హాలోవీన్‌కి మూడు రోజుల ముందు పెట్టుకోండి. అంతకుముందు చెక్కితే ముఖం ముడుచుకుపోతుంది, ఎండ కాసే ఊళ్ళలో అయితే రెండు రోజులకే బూజు పడుతుంది. పాత న్యూస్‌పేపర్లు పరిచి, పైన మూతని ఏటవాలుగా కొయ్యండి, కత్తి మొన కాయ నడిమధ్యకి చూస్తున్నట్టు పట్టాలి. నిటారుగా కోస్తే మూత కూర్చోదు, లోపలికి పడిపోతుంది. మూత వెనకాల చిన్న గాటు పెట్టుకుంటే మళ్ళీ ఎటు తిప్పి పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. లోపలి పీచు, గింజలు పిల్లల చేతికి పెద్ద గరిటె ఇచ్చి తోడించండి. మా చిన్నది మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఆ జారిపోయే పీచుని పిడికిలితో పిండి, గింజలు ఒక్కొక్కటీ వేళ్ళ మధ్యనుంచి టప్పున గిన్నెలోకి జారేలా వదులుతుంది. గంటసేపు ఆ పని మీదే ఉంటుంది, నేను తొందరపెట్టను. ముఖం వచ్చే వైపు గోడని లోపలినుంచి గీకి అంగుళం మందం చెయ్యండి, అప్పుడే కోత సులువు, వెలుతురు బయటికి బాగా వస్తుంది. పిల్లలు మార్కర్‌తో గీస్తారు, కొయ్యడం మాత్రం పెద్దవాళ్ళు చెయ్యాలి. వంటింటి పెద్ద కత్తి వద్దు, పళ్ళున్న చిన్న రంపం కత్తి అయిదు డాలర్లలోపే దొరుకుతుంది. దీపానికి బ్యాటరీ కొవ్వొత్తి వాడండి, కాస్ట్యూముల కుచ్చిళ్ళు నిప్పుకి అందకుండా.

గింజలు పారెయ్యకండి. పీచు కడిగి, ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, వార్చి, గుడ్డ మీద ఆరబెట్టండి. ఒక చెంచా నూనె, కారం, చిటికెడు ఇంగువ పట్టించి 350 డిగ్రీల ఓవెన్లో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి కలుపుతూ వేయించండి. చల్లారాక కరకరలాడతాయి.

కాయ వండటానికి నాకు పులుసు కంటే మంచి దారి తెలీదు. షుగర్ పంప్‌కిన్ సగం చెక్కని తొక్కతోనే పెద్ద ముక్కలు కోసుకోండి. పచ్చిమిర్చి చీలికలు, పసుపు, ఉప్పు వేసి ముక్క మునిగేదాకా నీళ్ళు పోసి ఉడకనివ్వండి. ఇక్కడి కాయ మన కాయ కంటే త్వరగా మెత్తబడుతుంది, ఏడెనిమిది నిమిషాలకే ఫోర్కుతో గుచ్చి చూడండి. నిమ్మకాయంత చింతపండు రసం, అంతే బెల్లం వేసి మరిగాక, చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పొయ్యండి. మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు. కాయలో తీపి తక్కువనిపిస్తే బెల్లం ఇంకొంచెం వెయ్యడానికి వెనకాడకండి. ముద్దపప్పు, నెయ్యి వేసుకున్న అన్నంలో నంజుకుంటే నవంబరు చలి గుర్తుండదు.

తీరిక లేనివాళ్ళకి డబ్బా గుమ్మడి ఉంది. డబ్బాలో ఉండేది హాలోవీన్ కాయ కాదు, డికిన్సన్ అనే లేత గోధుమరంగు కాయ, బటర్‌నట్‌కి దగ్గరి చుట్టం. అందుకే డబ్బాదే కాస్త రుచిగా ఉంటుంది. ఇల్లినాయ్‌లోని మోర్టన్ అనే చిన్న ఊరు ఈ డబ్బాలకి పేరు మోసింది. కొనేటప్పుడు ఒకటే జాగ్రత్త. రెండు రకాల డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఉత్త గుమ్మడి గుజ్జు, ఇంకోటి పంప్‌కిన్ పై అనే తీపి వంటకంలో నింపే ఫిల్లింగ్, దాంట్లో చక్కెర, దాల్చినచెక్క, లవంగం ముందే కలిపేసి ఉంటాయి. ఉత్త గుజ్జు 15 ఔన్సుల డబ్బా, నాలుగు చెంచాల నెయ్యి, ముప్పావు కప్పు చక్కెర, యాలకులు, జీడిపప్పు ఉంటే ఇరవై అయిదు నిమిషాల్లో హల్వా అవుతుంది. మూకుడు అంచులు వదిలేదాకా కలుపుతూనే ఉండాలి.

హాలోవీన్ సాయంత్రం

గుమ్మం ముందు లైటు వెలుగుతుంటే పిల్లలు రావచ్చని అర్థం, ఆర్పితే రావొద్దని. మీ ఊళ్ళో ఏ రోజు, ఏ గంటలకో ఊరి వెబ్‌సైటులో చూడండి, ఒహాయోలో కొన్ని ఊళ్ళు 31న కాకుండా వేరే రోజు పెడతాయి. ప్యాకెట్ విప్పనివి మాత్రమే పంచండి. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం పెన్సిళ్ళు, స్టిక్కర్లు వేరే గిన్నెలో పెట్టి, గుమ్మంలో నీలి ఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ ఒకటి ఉంచండి. 2014 నుంచి ఆ రంగు కాయని చూస్తే తల్లిదండ్రులకి తెలుస్తుంది, ఇక్కడ తమ బిడ్డకీ ఏదో ఉందని. మా వీధిలో ఒకావిడ ఆ కాయని చూసి మెట్లమీదే కళ్ళు తుడుచుకుంది. ఆవిడ కొడుకుకి అదే మొదటి హాలోవీన్. ఇచ్చింది డాలరు కూడా చెయ్యని డైనోసార్ స్టిక్కర్లు.

పిల్లలు చాక్లెట్లతోపాటు యూనిసెఫ్ కోసం చిల్లర అడిగే అలవాటు 1950 నుంచి ఉంది. మీ పిల్లల చేత ఒకసారి చేయించి చూడండి.

నవంబరు మొదటి వారంలో కాయల్ని సంచిలో కట్టి చెత్తలో వెయ్యకండి. చెత్తదిబ్బలో కుళ్ళితే మీథేన్ వస్తుంది. కొవ్వొత్తి, మైనం, రంగులు తీసేసి ముక్కలు చేసి తోటలో ఒక మూల పాతిపెట్టండి, లేదా ఊరి కంపోస్టుకి ఇవ్వండి. మేకలు, పందులు పెంచే రైతులు కొందరు సంతోషంగా తీసుకుంటారు. రంగు వేసినవి మాత్రం వాళ్ళకి ఇవ్వకూడదు.

ప్రయాణం

విమానం టికెట్లు అక్టోబరు మధ్యలోపే కొనండి. అందరూ బుధవారం బయల్దేరి ఆదివారం తిరిగొస్తారు. 2024లో ఆ ఆదివారం ఒక్కరోజే దేశం మొత్తమ్మీద 30 లక్షల మందికి పైగా ఎయిర్‌పోర్టు తనిఖీ దాటారు. సోమవారం గానీ మంగళవారం గానీ వెళ్ళి, శనివారమో, తర్వాతి మంగళవారమో రాగలిగితే ధర తగ్గుతుంది, మనశ్శాంతి పెరుగుతుంది. గురువారం పొద్దున ప్రయాణం కూడా బాగుంటుంది, మధ్యాహ్నం భోజనానికి చేరుకోవచ్చు.

2025 మే 7 నుంచి దేశంలోపల విమానానికి కూడా రియల్ ఐడీ (నక్షత్రం గుర్తున్న లైసెన్సు లాంటి గుర్తింపు కార్డు) కావాలి. మీ లైసెన్సు మీద నక్షత్రం గుర్తు లేకపోతే పాస్‌పోర్టు పెట్టుకోండి, ఇండియా పాస్‌పోర్టు కూడా చెల్లుతుంది. వీసా మీద ఉన్నవాళ్ళు దేశంలోపల తిరిగినా పాస్‌పోర్టు, ఐ-94 కాగితం (దేశంలోకి వచ్చినట్టు నమోదు) దగ్గరుంచుకోవాలి. నయాగరా లాంటి సరిహద్దు ఊళ్ళకి వెళ్ళేటప్పుడు మరీ ముఖ్యం.

సంచిలో తిండి సంగతి మనవాళ్ళకి పెద్ద టెన్షన్. గట్టిగా ఉండేవన్నీ చేతిసంచిలో తీసుకెళ్ళొచ్చు. పులిహోర, జంతికలు, అరిసెలు, పంప్‌కిన్ పై కూడా. జారేవి, పూసేవి, పోసేవి 3.4 ఔన్సులకి మించితే చేతిసంచిలో కుదరదు. ఆవకాయ, నెయ్యి, పెరుగు, పచ్చళ్ళు, పులుసు అన్నీ ఆ లెక్కే. మా అత్తగారు ఏడాదికి సరిపడా పెట్టిన గోంగూర పచ్చడి ఒక ఎయిర్‌పోర్టులో కళ్ళముందే చెత్తబుట్టలోకి వెళ్ళిపోయింది. ఆవిడకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. అవి పెద్ద సూట్‌కేసులో, రెండు జిప్ సంచుల్లో పెట్టి, చుట్టూ పాత తువ్వాలు చుట్టి పంపండి. కందిపొడి, కారప్పొడి లాంటి పొడులు 12 ఔన్సులు దాటితే ట్రేలో వేరుగా తీసి పెట్టమంటారు. అందుకే వాటినీ పెద్ద సూట్‌కేసులోనే పెట్టెయ్యడం నయం.

కారులో వెళ్ళేవాళ్ళకి. మేం ప్రతి ఏడాదీ ఎడిసన్‌లో ఉన్న మా అక్కా బావల ఇంటికి వెళ్తాం, సుమారు 450 మైళ్ళు. మేం వెళ్ళే ఐ-80 హైవే పెన్సిల్వేనియాలోనే 311 మైళ్ళు సాగుతుంది, చాలా భాగం కొండలు, అడవి. క్లియర్‌ఫీల్డ్ దగ్గర 2,250 అడుగుల ఎత్తుకి ఎక్కుతుంది, మిసిసిపీ నదికి తూర్పున ఆ రోడ్డు మీద అంతకంటే ఎత్తు ఎక్కడా లేదు. క్లీవ్‌లాండ్‌లో వాన పడుతుంటే అక్కడ మంచు పడుతుంది. బయల్దేరే ముందు మీ ఊరి వాతావరణమే కాదు, దారిలో ఎత్తైన ఊళ్ళదీ చూడండి. ఈరీ సరస్సు ఒడ్డున ఐ-90 మీద వెళ్ళేవాళ్ళు ఇంకా జాగ్రత్త. 2022 నవంబరులో థాంక్స్‌గివింగ్‌కి వారం ముందు బఫెలో దక్షిణ శివార్లలో దాదాపు 80 అంగుళాల మంచు పడింది. సరస్సు మీదుగా వచ్చే మంచు ఒక ఊళ్ళో నిలువెత్తు పడుతుంది, పది మైళ్ళ అవతల ఎండ కాస్తుంది.

నవంబరు జింకలు జతకట్టే కాలం. పొద్దు గుంకే వేళ, తెల్లవారే వేళ రోడ్డు మీదికి దూకుతాయి. ఒకటి దాటితే వెనకే ఇంకోటి ఉంటుందనుకోండి. ఎదురొస్తే గట్టిగా బ్రేకు వెయ్యండి గానీ స్టీరింగ్ పక్కకి కొయ్యకండి, చెట్టుకో, ఎదుటి కారుకో గుద్దుకోవడం జింకని గుద్దడం కంటే ప్రమాదం. గంట వెనక్కి జరిగాక చీకటి తొందరగా పడుతుంది కాబట్టి మేం తెల్లారి ఆరింటికే ఇంటినుంచి కదులుతాం, ఏడింటికల్లా హైవే మీద వెలుతురు.

బయల్దేరే ముందు రోజు టైర్లలో గాలి చూడండి. పది డిగ్రీల చలి పెరిగితే సుమారు ఒక పౌండు చొప్పున తగ్గుతుంది. అద్దం తుడిచే నీళ్ళు చలికాలం రకం పొయ్యండి, వేసవి నీళ్ళు గొట్టంలోనే గడ్డకడతాయి. డిక్కీలో ఒక దుప్పటి, చిన్న పార, టార్చి, మంచినీళ్ళు, వేయించిన గుమ్మడి గింజలు.

గురువారం నాడు

మీరే వంట చేసేవాళ్ళయితే, ఆ రోజు వండే టర్కీ కోడిని గడ్డకట్టి ఉన్నప్పుడు కొంటారు కాబట్టి ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి, నాలుగైదు పౌన్లకి ఒక రోజు చొప్పున. పన్నెండు పౌన్ల కోడికి మూడు రోజులు. వంటగట్టు మీద పెట్టి కరిగించకండి. లోపల 165 డిగ్రీలు వచ్చిందని థర్మామీటరుతో చూశాకే దించండి. శాకాహారులు దాని జోలికి పోనక్కర్లేదు. చిలగడదుంప, గుమ్మడి, మొక్కజొన్న, క్రాన్‌బెర్రీ అన్నీ మనం వండుకునేవే. క్రాన్‌బెర్రీతో పచ్చడి చేస్తే గోంగూర లోటు కొంత తీరుతుంది.

ఇంకొకళ్ళ ఇంటికి వెళ్తుంటే వారం ముందే ఫోన్ చేసి, మీరు ఏం తినరో చెప్పి, మీరు ఏం తెస్తారో కూడా చెప్పండి. ఆతిథ్యం ఇచ్చేవాళ్ళకి సాయంత్రం నాలుగింటికి ఆశ్చర్యాలు వద్దు.

మీ దగ్గరలో యూనివర్సిటీ ఉంటే ఇద్దరు ముగ్గురు మన పిల్లల్ని పిలవండి. ఆ వారం చాలా కాలేజీల్లో క్యాంటీన్లు మూసేస్తారు, అమెరికా పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోతారు, మన పిల్లలు గదిలో నూడిల్స్ తింటూ అమ్మకి వీడియో కాల్‌లో "బాగానే తిన్నానమ్మా" అని చెప్తారు. వాళ్ళకి కారుండదు, వెళ్ళి తీసుకురండి, రాత్రి దింపి రండి. పిలిచేటప్పుడు "వీలైతే రండి" అనకండి, మొహమాటపడి రారు. "పదకొండింటికి మీ హాస్టల్ ముందు ఉంటాను బాబూ" అనండి. పోయినేడాది వచ్చిన ఖమ్మం అబ్బాయి పులుసు మూడోసారి వడ్డించుకుంటూ, "ఆంటీ, తొక్కతో సహా వండారు, మా నానమ్మ ఇట్లనే వండుతది" అన్నాడు.

వండినవి రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, మూడు నాలుగు రోజుల్లో తినెయ్యండి. పిల్లలకి కట్టివ్వడానికి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు ముందే డజను కొని ఉంచండి, అవి తిరిగి వస్తాయని చూడకండి.

తర్వాతి మంగళవారం పొద్దున్నే, ఆఫీసు పని మొదలెట్టే ముందు, మ్యాచింగ్ ఫారం నింపి రసీదులు జత చెయ్యండి, కొన్ని కంపెనీల్లో గడువు డిసెంబరు 31తో అయిపోతుంది. అదే కూర్చున్నప్పుడు ఫుడ్ బ్యాంకు పేజీ తెరిచి, జనవరి శనివారం మీ పేరు ఉందో లేదో చూసుకోండి.